కొస మీద ఇటుక

మార్చి 7, ఆదివారం

నెల్డా వెళ్ళింది, పొద్దున పదింటికి. కొండలకి అవతల వాళ్ళ చెల్లెలు జోరీన్ ఇంటికి, మూడు గంటల దారి. అమ్మ సామాన్లు సర్దాలట. జనవరిలో మా అత్తగారు పోయారు కదా, ఆవిడ బట్టలూ గిన్నెలూ ఇంకా ఎక్కడివక్కడే ఉన్నాయట. పది రోజులు. మహా అయితే రెండు వారాలు.

రెండు పెట్టెలు తీసుకెళ్ళింది. చలికోటుతో పాటు వేసవి గౌన్లు కూడా పెట్టుకుంది. ఆడవాళ్ళ సర్దుడు అలాగే ఉంటుంది.

ఈ డైరీ దాణా కొట్టువాడు కొత్త సంవత్సరానికి ఊరికే ఇచ్చాడు. అట్ట మీద కోడి బొమ్మ. ముప్ఫై నాలుగేళ్ళు కర్రల మిల్లులో రంపాలకి పదును పెట్టినవాణ్ని, నేను డైరీ రాయడమేమిటి, నా మొహం. కానీ ఇంట్లో మాట్లాడదామంటే మనిషి లేదు. రేడియోతో ఎంతసేపని పోట్లాడను?

మార్చి 8

గుడ్లు మాడ్చాను.

మార్చి 10, బుధవారం

ఆ ఫోన్ సంగతి ఒకసారి ఉన్నదున్నట్టు రాసి పెట్టుకుంటే మంచిది. లేకపోతే నేనేదో ఘోరం చేసినట్టు నాకే అనిపించేలా ఉంది.

జనవరి పన్నెండు, మంగళవారం. జోరీన్ ఫోన్ చేసింది. "బావా, అమ్మకి బాగాలేదు, అక్కని వెంటనే రమ్మను" అంది. ఆ వారమంతా కనుమ దారి మంచుగడ్డ కట్టి ఉంది. లారీలే జారి లోయలో పడుతున్నాయి. నెల్డాకి చెబితే ఆగే రకమా? కారు తాళాలు తీసుకుని బయల్దేరేది. అందుకని చెప్పలేదు. సాయంత్రం తనే అడిగింది, "అమ్మకి ఫోన్ చెయ్యనా?" అని. "నేను పొద్దున్నే మాట్లాడాను, బాగానే ఉన్నారు, పడుకున్నారు" అన్నాను. గురువారం దారి తెరిచారు, అప్పుడు చెప్పాను. ఇద్దరం బయల్దేరాం. మేం కొండ మీద ఉండగానే అయిపోయింది.

నా స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు. పెళ్ళాన్ని లోయలోకి పంపిస్తారా ఎవరైనా?

సమాధి దగ్గర జోరీన్ నోరు జారింది. "మంగళవారమే చెప్పాను కదే అక్కా, ఎందుకు రాలేదు?" అంది. నెల్డా నా వైపు చూసింది. అప్పట్నుంచీ ఇంట్లో ఉప్పు అందుకో, తలుపు వెయ్యి, అంతకు మించి మాటల్లేవు.

అయినా పది రోజులే కదా.

మార్చి 13, శనివారం

ఇవాళ పెరటి మీద పడ్డాను. నెల్డా తిరిగొచ్చి చూసి నోరెళ్ళబెట్టాలి.

వెనక కంచె వెంబడి ముళ్ళులేని బ్లాక్‌బెర్రీ వరస ఉంది. మూడు దుబ్బులు, వైరు మీద పాకించినవి. మేం ఈ ఇల్లు కొన్న ఏడాది మా అత్తగారు కాఫీ డబ్బాలో ఒక్క మొక్క తెచ్చి ఇచ్చారు. అదే మూడయింది. నెల్డాకి ఆ చెట్లంటే ప్రాణం, ఎవర్నీ చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. తను పెంచుతుంది, నేను తింటాను. ఇరవై ఏడేళ్ళుగా మా ఒప్పందం అది.

కొమ్మలన్నీ ఊదారంగు తిరిగి, చచ్చినట్టు వేలాడుతున్నాయి. గులాబీలకి చేస్తారే, అలాగే మొదలంటా కోసిపారేసి తగలబెట్టాను. ఒక్కటీ మిగల్చలేదు. తర్వాత టిల్లర్ తెచ్చి వరసకి రెండు పక్కలా, దుబ్బుల్ని రాసుకుంటూ, జానెడు లోతున దున్నేశాను. నల్లటి మట్టి. గీత గీసినట్టు వచ్చింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

పక్కింటి హిల్మా గారు కంచె మీద నుంచి తొంగిచూసింది. ఎనభై దాటిన ఫిన్లాండు ముసలావిడ, చెవులు మందం, కళ్ళు మాత్రం గద్ద కళ్ళు.

"ఏం చేస్తున్నావయ్యా వెర్నన్?"

"శుభ్రం చేస్తున్నానండీ!"

"దీన్ని శుభ్రమంటారా?" అని తల పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. వయసు మీద పడితే అంతే.

మార్చి 21, ఆదివారం

రెండు వారాలయింది. ఫోన్ చేశాను. ఇంకా కొన్నాళ్ళు పడుతుందట. సామాన్లు చాలా ఉన్నాయట. మా అత్తగారికి ఉన్నదే ఒక గది.

"అక్కడ ఎలా ఉంది?" అంది.

"బాగానే ఉంది" అన్నాను.

లైను పోయిందేమో అనుకున్నాను.

ఏప్రిల్ 9

ఈస్టర్‌కి రాదట. రెండు కుర్చీల బల్ల దగ్గర ఏ కుర్చీలో కూర్చున్నా రెండోది నన్నే చూస్తోంది. తీసుకెళ్ళి గరాజులో పెట్టాను.

ఏప్రిల్ 10

కుర్చీ మళ్ళీ తెచ్చి పెట్టాను.

ఏప్రిల్ 18, ఆదివారం

ఇవాళ ఫోన్‌లో తనంతట తనే పెరటి సంగతి ఎత్తింది. ఆరు వారాల్లో ఇదే మొదలు.

"అమ్మ చెట్లు ఎలా ఉన్నాయి?"

ఆ గొంతు విని నాకు ప్రాణం లేచొచ్చింది. ఏం చెప్పను? మొదలంటా కోసేశాను, ఇంకా పిలకలు కూడా సరిగ్గా లేవలేదు అని చెప్పనా? "విరగబూశాయి నెల్డా! తేనెటీగల రొద వింటే మతిపోతోంది. ఈసారి కాపు బకెట్లకి బకెట్లే" అన్నాను. నోటికొచ్చింది అనేశాను.

నెమ్మదిగా, "అలాగా. పూలు కూడా వచ్చేశాయా," అంది. "అయితే ఆగస్టులో వస్తాను. రైతుల హాలు విందుకి ఏటా నేను అమ్మ చెట్టు కాయలే కదా పిండిలో కూరి బెర్రీ పై కాల్చేది. అమ్మ పోయాక ఇది మొదటిది. చెయ్యాలి."

వస్తానంది! ఆగస్టు 21, శనివారం. ఆ పేజీ మూల మడిచి పెట్టాను. వచ్చి, ఇల్లు చూసి, పెరడు చూసి, కోసుకుని, వండుకుని, ఆ తర్వాత మళ్ళీ ఎక్కడికి వెళ్తుంది? ఉండిపోతుంది.

పూలంటారా, నేను కొంచెం ముందు చెప్పానంతే. నాలుగు రోజులు పోతే వాటంతట అవే వస్తాయి.

మే 9

పిలకలు బొటనవేలంత లావున లేచాయి. దున్నినందుకు ఫలితం! ఒకటి కాదు, రెండు కాదు, వరస పొడవునా గుంపులు గుంపులుగా లేస్తున్నాయి. నెల్డా చేతిలో ఎప్పుడైనా ఇంత జోరుగా పెరిగాయా?

మే 23, ఆదివారం

పొద్దున ఒక పిలకని వైరు మీదకి మళ్ళిద్దామని పట్టుకుంటే అరచెయ్యి చిల్లిపడింది. ముళ్ళు, గోళ్ళలా వంకర తిరిగి ఉన్నాయి. పక్కదానికీ ముళ్ళే, దాని పక్కదానికీ. పిట్టలు అడవి విత్తనం తెచ్చి పడేశాయనుకుని పీకడం మొదలుపెట్టాను. మూడు పీకితే ఏడు కనబడుతున్నాయి. తిట్టిన తిట్లకి హిల్మా గారు బయటికొచ్చింది. చెవుడు అని ఎవరన్నారు?

"ఎవర్నయ్యా ఆ తిట్లు?"

"పిట్టల్నండీ. రైలు పట్టాల పక్కనున్న ముళ్ళచెట్టు విత్తనాలన్నీ తెచ్చి మా వరసలో పోశాయి."

"పాపం పిట్టల్ని ఎందుకు ఆడిపోసుకుంటావు? పిట్ట తెచ్చిందా అది? నీ టిల్లర్ తెచ్చింది."

"టిల్లర్ గుడ్లు పెడుతుందా ఏమిటండీ?"

"వెటకారానికేం తక్కువ లేదు. ఇలా రా." కర్ర పోటు వేసుకుంటూ వాళ్ళ గేటు దాటి వచ్చి, ఒక ముళ్ళ పిలక పక్కన మట్టి కర్రతో గీకి చూపించింది. అడుగున తెగిన వేరు, దాని మొహం మీద నుంచి లేచింది పిలక. "ఈ జాతికి ముళ్ళు పోయింది పైతోలుకే. లోపల వేరు మటుకు పాత ముళ్ళచెట్టే. కదపనంత కాలం అది నోరెత్తదు. నువ్వు జానెడు లోతున దున్నావు, వేళ్ళన్నీ తెగాయి, తెగినచోటల్లా ముల్లు లేచింది. అందుకేగా దీన్ని వేరుతో పెంచనిది. కొమ్మ కొస వంచి మట్టిలో పెడితే, ఆ కొస వేరు పట్టి, తల్లిలాగే ముళ్ళులేని మొక్క అవుతుంది. ఈడిత్ మీకు కాఫీ డబ్బాలో తెచ్చిందేమిటనుకున్నావు? తన చెట్టు కొసే."

ఈడిత్ అంటే మా అత్తగారు. వీళ్ళిద్దరూ ఒకప్పుడు ఒకే చర్చిలో పాడేవాళ్ళు.

"సరే, ముళ్ళుంటే ఉన్నాయి, పీకేస్తాను," అన్నాను. "కాయలైతే కాస్తాయి కదా ఈ ఏడు?"

ఆవిడ నన్ను జాలిగా చూసింది. అలా చూడకుండా తిట్టినా బాగుండేది.

"ఈ ఏడు పుట్టిన కొమ్మ వచ్చే ఏడు కాస్తుంది, కాసి చస్తుంది. ఈ ఏడు కాయాల్సినవి నిరుడు పుట్టినవి. అవేవి?"

"తగలబెట్టానండీ."

"రంపాలకి పదును పెట్టడం వచ్చు గానీ ఏది కొయ్యాలో రాలేదయ్యా నీకు" అని, నా చేతికి కట్టుకోమని తన రుమాలు ఇచ్చి వెళ్ళింది.

ఒక్క కాయ కూడా ఉండదు. ఆగస్టు 21న నెల్డా వస్తుంది, ఒక్క కాయ కూడా ఉండదు.

మే 30, ఆదివారం

ఇవాళ చెప్పేద్దామనే ఫోన్ తీశాను. వానలు పడుతున్నాయి అని చెప్పాను.

జూన్ 13, ఆదివారం

"పిందెలు పడ్డాయా?" అని అడిగింది.

"బోలెడు" అన్నాను.

నా నోరు పడిపోను. ఫోన్ పెట్టేశాక గోడకేసి తల కొట్టుకున్నాను, నిజంగానే. కాలెండరు కింద పడింది.

జూన్ 20

హిల్మా గారి ఇంటికి కాఫీకి వెళ్ళాను. "చెప్పావా?" అంది. "చెప్పానండీ" అన్నాను. ఆవిడకి కూడా అబద్ధమే.

జూలై 4, ఆదివారం

ఊళ్ళో బాణసంచా. కొట్టంలో సుత్తి కోసం సొరుగు లాగితే నెల్డా తోట పుస్తకం దొరికింది. ఇన్నేళ్ళూ దాన్ని చూస్తూనే ఉన్నాను, తెరిచింది లేదు.

ఏటా రాసింది. నిరుడు: జూన్ 28, మొదటి పువ్వు. అంతకు ముందు: జూలై 1, మొదటి పువ్వు. దానికి ముందు: జూన్ 26, ఎండలు ఎక్కువ, పూలు తొందరగా వచ్చాయి. ఇరవై ఏడేళ్ళు, ఇరవై ఏడు వరసలు. ఒక్క ఏడు కూడా ఏప్రిల్ లేదు. మే కూడా లేదు.

అంటే ఏప్రిల్ 18న నేను పూలు విరగబూశాయి అన్నప్పుడు...

అంత పట్టించుకుని ఉండదులే. అమ్మ పోయిన బాధలో ఉంది, తేదీలు ఎక్కడ గుర్తుంటాయి?

చివరి పేజీలో ఇంకొకటి ఉంది: "అమ్మ చెప్పింది: కొసతో పెంచు, వేరు జోలికి పోకు." కింద రెండు గీతలు గీసింది.

జూలై 18

ఫోన్ చెయ్యలేదు. తనూ చెయ్యలేదు. ఆదివారం ఇంత పొడుగ్గా ఉంటుందని తెలీదు.

బుధవారం ఫోన్ సంగతి రాయాలా? జనవరిలో బుధవారం. రాయను. ఎవరికీ తెలియంది రాసి ఏం లాభం?

ఆగస్టు 8, ఆదివారం

రోజూ ముళ్ళ పిలకలు పీకుతున్నాను. మొత్తం వరసలో, మధ్య దుబ్బు మొదట్లో నుంచి వచ్చిన ఒక్క కొమ్మ మాత్రం నున్నగా ఉంది. వైరు మీద పది అడుగులు పాకింది. కింద నుంచి పైదాకా చెయ్యి రాసి చూశాను. ఎక్కడా గుచ్చుకోలేదు. మా అత్తగారిచ్చిన దాంట్లో మిగిలింది అదొక్కటే.

ఫోన్‌లో నెల్డా, "వస్తున్నాను, మారలేదు" అంది. "పండుతున్నాయా?"

"నల్లబడుతున్నాయి" అన్నాను. ఎక్కడో ఒకచోట నల్లబడుతూనే ఉంటాయి కదా.

ఆగస్టు 19, గురువారం

ఉపాయం తట్టింది. రైలు పట్టాల పక్కన అడవి బ్లాక్‌బెర్రీ ఊరి పొడవునా పడి ఉంది. ఎవరూ నాటలేదు, ఎవరు వద్దన్నా పోదు. రెండు బకెట్లు కోసుకొచ్చాను. పొద్దున ఏడింటికి మొదలుపెడితే పన్నెండయింది. చొక్కా పీలికలు, చేతులు మోచేతుల దాకా గీతలు, కుడి బొటనవేలులో ముల్లు ఇంకా అలాగే ఉంది. కానీ కాయలు లావుగా, నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఫ్రిజ్‌లో పెట్టాను. "నువ్వు అలిసిపోయి వస్తావని ముందే కోసి పెట్టాను" అంటాను. పెరట్లోకి వెళ్ళకుండా మాటల్లో పెడతాను. వండేశాక ఎవరికి తెలుస్తుంది?

ఆగస్టు 20, శుక్రవారం

ఇల్లు తుడిచాను. దుప్పట్లు మార్చాను. దుప్పట్లు మారుస్తుంటే ఆ బుధవారమే గుర్తొచ్చింది. కాబట్టి రాస్తాను.

జనవరి 13, బుధవారం, మధ్యాహ్నం రెండు గంటలు. జోరీన్ మందుల షాపుకి వెళ్ళినట్టుంది, అత్తగారే స్వయంగా ఫోన్ చేశారు. నెల్డా కింద గదిలో దుప్పట్లు ఉతుకుతోంది. మెషిన్ చప్పుడు పైదాకా వినబడుతోంది.

"నెల్డా ఉందా నాయనా?"

"పడుకుందండీ. లేపమంటారా?" లేపమంటే ఏం చేసేవాణ్నో దేవుడికి తెలియాలి.

"వద్దులే, పడుకోనీ. పనేం లేదు. దాని గొంతు ఒకసారి విందామని."

"లేచాక చేయిస్తానండీ" అన్నాను.

చేయించలేదు. మెట్ల దగ్గరికెళ్ళి ఒక్క కేక వేస్తే చాలు. మంచులో కారు తియ్యక్కర్లేదు, లోయలో పడక్కర్లేదు. ఫోన్‌లో మాట్లాడటానికి మంచు అడ్డమా? మంచు కాదు. మంచు సంగతే కాదు. మంగళవారం అబద్ధం చెప్పాను, బుధవారం మాట్లాడితే అది బయటపడుతుంది. నేను తిట్లు తినాల్సి వస్తుంది. అంతే కారణం.

మర్నాడే ఆవిడ పోయారు.

ఆగస్టు 21, శనివారం

తొమ్మిదింటికి వచ్చింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. చిక్కింది. నేను వాకిట్లోనే నిలబడ్డాను, పెళ్ళిచూపులకి వచ్చినవాడిలా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వెనక్కి కట్టుకున్నాను.

"లోపలికి రా. కాయలు కోసే పెట్టాను. నువ్వు అలిసిపోయి..."

వంటింట్లోకి వచ్చింది. బల్ల మీద పళ్ళెం నిండా కాయలు పోసి ఉంచాను. ఒకటి తీసి నోట్లో వేసుకుంది. నమిలింది. గింజలు పంటి కింద పడి ఉంటాయి, అడవివాటికి గింజ పెద్దది. మింగేసి, "చేతులు చూపించు" అంది.

"ఎందుకు?"

"చూపించు వెర్నన్."

చూపించాను. చిన్నప్పుడు టీచరు ముందు చాపినట్టు చాపాను.

"ముళ్ళులేని చెట్టు కాయలు కోస్తే చేతులు ఇలా చీరుకుపోతాయా?"

"అది... పిల్లి గీరింది."

"మనకి పిల్లి ఎక్కడిది?"

నవ్వొచ్చింది నాకు, ఏడుపూ వచ్చింది. కుర్చీలో కూలబడ్డాను. ఎదురు కుర్చీలో నెల్డా కూర్చుంది. చెప్పాను. మార్చిలో నేను కోసెయ్యడం, టిల్లర్, ముళ్ళు, రైలు పట్టాలు, అన్నీ.

"ఏప్రిల్‌లో పూలన్నావు చూడు, అప్పుడే తెలుసు నాకు" అంది.

"తెలిసీ ఎందుకు వస్తానన్నావు?"

"ఈ ఆదివారం చెబుతావేమో, వచ్చే ఆదివారం చెబుతావేమో అని చూశాను. పిందెలన్నావు. నల్లబడుతున్నాయన్నావు. ఇంకెంత దూరం వెళ్తావో కళ్ళారా చూద్దామని వచ్చాను." గొంతు పెంచలేదు. "చెట్లు పోతే పోనీ. ఎవరైనా పొరపాటు చేస్తారు. నువ్వు ఏం చెప్పినా, అది ఉందో లేదో నేను వెళ్ళి చూసుకోవాలి. ఇలా ఎలా బతకను నీతో?"

అప్పుడే నోరు మూసుకుని ఉంటే అంతటితో పోయేది. కాయల తప్పు ఒప్పుకున్నాను, క్షమిస్తే క్షమించేది. కానీ బుధవారం ఇంకా మిగిలే ఉంది.

"ఇంకొకటి ఉంది," అన్నాను. "జోరీన్‌కి కూడా తెలియదు."

చెప్పాను. నెల్డా కాయల పళ్ళెం పక్కకి జరిపింది. "సరిగ్గా ఏమందో చెప్పు. నీ మాటలు కలపకు" అంది.

"నెల్డా ఉందా నాయనా, అన్నారు. పడుకుందన్నాను. వద్దులే, పడుకోనీ, పనేం లేదు, దాని గొంతు ఒకసారి విందామని, అన్నారు."

"నాయనా అందా?"

"అన్నారు."

"గొంతు ఎలా ఉంది?"

బాగానే ఉంది. నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట. మింగాను.

"ఊపిరి అందలేదు. మాట మాటకీ ఆగారు."

లేచి వెళ్ళి సింకు దగ్గర నిలబడింది, నాకు వీపు పెట్టి. భుజాలు కదులుతున్నాయి. నేను లేవబోతే, వెనక్కి చూడకుండానే చెయ్యి అడ్డం పెట్టింది. "నేను కింద దుప్పట్లు ఉతుకుతున్నాను," అంది. "మెట్ల కింద ఉన్నాను నేను."

"అవును."



తర్వాత మొహం కడుక్కుని, పిండి తీసి, కలిపి, ఆ అడవి కాయలతోనే బెర్రీ పై చేసింది. ఓవెన్‌లో పెట్టి, చేతి తొడుగులు వేసుకుని పెరట్లోకి వెళ్ళింది. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. వరస చివర నుంచి చివరకి నడిచింది. మధ్య దుబ్బు దగ్గర ఆ ఒక్క కొమ్మని చూసి ఆగింది. చేతి తొడుగు విప్పేసి, ఉత్త అరచెయ్యి మొదలు నుంచి కొసదాకా రాసింది. కొస దగ్గర ఆకులు చిన్నవై, తోక సన్నబడి, నేల వైపు వంగుతోంది. పారతో నాలుగు వేళ్ళ లోతు గుంట చేసి, కొసని అందులో దించి, మట్టి కప్పి, కాలితో అదిమి, పైన ఒక ఇటుక పెట్టింది.

"మార్చి దాకా ఇటుక తియ్యకు," అంది. "వేరు పట్టాక నేనే వచ్చి తవ్వుకుంటాను."

"జోరీన్ పెరట్లో పెడతావా?"

"అక్కడ చలికి బతకదు ఇది."

మరెక్కడ పెడతావని అడగలేదు. అడిగే మొహం లేదు.

బెర్రీ పై చల్లారాక ఒక చీటీ రాసి పళ్ళానికి అంటించింది. ఏటా "ఈడిత్ చెట్టు కాయలు" అని రాసేది. ఈసారి "అడవి కాయలు. కోసింది వెర్నన్" అని రాసింది. విందుకి నేనూ వస్తానన్నాను. "ఇవాళ వద్దు" అంది. అక్కణ్నుంచి అటే జోరీన్ ఇంటికి వెళ్ళిపోతుందట.

కారు మలుపు తిరిగేదాకా చూశాను. రెండో బకెట్టు కాయలు ఇంకా ఫ్రిజ్‌లోనే ఉన్నాయి.

ఆగస్టు 22, ఆదివారం

హిల్మా గారి ఇంటికెళ్ళి, జూన్‌లో మీకు చెప్పింది అబద్ధమండీ అన్నాను. "నాకు చెవుడు కాబట్టి వినబడలేదులే" అని కాఫీ పోసింది. బొటనవేలులో ముల్లు సూదితో తీసింది.

ఫోన్ చెయ్యాలా వద్దా అని సాయంత్రం దాకా దాని పక్కనే కూర్చున్నాను. చెయ్యలేదు. చేసే హక్కు నాకు లేదనిపించింది.

ఆగస్టు 29

ఫోన్ రాలేదు. ఇల్లంతా గడియారం చప్పుడే.

సెప్టెంబర్ 5, ఆదివారం

నాలుగింటికి ఫోన్ మోగింది. మార్చి నుంచి తనంతట తను చెయ్యడం ఇదే మొదటిసారి.

"కొస ఎలా ఉంది?"

"బా..." అనబోయాను. ఆపేశాను. "తెలీదు నెల్డా. రెండు రోజులుగా దగ్గరికెళ్ళి చూడలేదు. ఉండు, చూసొస్తాను."

రిసీవర్ బల్ల మీద పెట్టి పరిగెత్తాను. అరవై మూడేళ్ళ మోకాళ్ళతో పరుగేమిటి, కుంటుకుంటూ వెళ్ళాను. గొంతుక్కూర్చుని, ఇటుక పక్కన మట్టి మీదకి మొహం పెట్టి ఒక్కో ఆకూ లెక్కపెట్టాను. తిరిగొచ్చేసరికి ఎంతసేపయిందో. తను ఫోన్ పెట్టెయ్యలేదు. అటువైపు జోరీన్ గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినబడుతోంది.

"ఇటుక పక్కన పదకొండు ఆకులున్నాయి. ఒకటి పండింది. ఒకటి నత్త సగం తినేసింది. మిగతావి పచ్చగానే ఉన్నాయి. వేరు పట్టిందో లేదో మాత్రం నాకు తెలీదు."

"సగం తినేసిందా?"

"సగం కంటే ఎక్కువే."

అటువైపు ఊపిరి వదిలిన చప్పుడు. నవ్వో, మరొకటో.

"మట్టి తడిగా ఉందా?"

"ముట్టుకుని చూడలేదు."

"వెళ్ళి చూసిరా," అంది. "నేను ఉంటాను."